కొండెక్కిన రాళ్లు, మునిగిన ఊళ్లు

నాగార్జునసాగర్ జలాశయం మధ్య ద్వీపంలా మిగిలిన నాగార్జునకొండ మీది మ్యూజియం చూడ్డానికి మనకి దొరికేది గంట. ఆ గంట కోసం విజయపురి సౌత్ రేవులో అంతకంటే ఎక్కువసేపే కాచుకోవాల్సి వచ్చింది. జనం నిండితేగానీ లాంచీ కదలదన్నారు. పైన ఎండ, చుట్టూ పిల్లల ఏడుపులు. లాంచీ టికెట్ వేరు, మ్యూజియం టికెట్ వేరు, నలుగురున్న కుటుంబానికి ఇదేం తక్కువ ఖర్చు కాదు. మాచర్ల బస్సులో ఉన్న ఉత్సాహమంతా అక్కడే ఆవిరైపోయింది.

లాంచీలో నా పక్కన ఒక పెద్దావిడ కూర్చుంది. మనవడికి నీళ్లలోకి వేలు పెట్టి చూపిస్తోంది. "అదుగో, ఆడుండేది మన ఊరు." వాడు వంగి వంగి చూస్తున్నాడు. ఊరు వదిలినప్పుడు మీరు చిన్నపిల్లేమో కదమ్మా అన్నాను. "చిన్నదాన్నే బాబూ. మా నాయన తలుపులూ దూలాలూ ఊడబీకి బండి మీదేసుకొచ్చాడు. వాటితోనే ఈడ ఇల్లు కట్టాడు. ఇప్పటికీ మా వాకిలికి ఆ తలుపులే" అంది.

ఆ మాట చెవిలో పెట్టుకునే మ్యూజియంలో అడుగుపెట్టాను. అక్కడున్న శిల్పాలు అద్భుతం, అందులో రెండో మాట లేదు. పల్నాటి సున్నపురాయి మీద పొడుగు కోటు తొడుక్కుని ఈటె పట్టుకున్న, మధ్య ఆసియా నుంచి వచ్చిన శక జాతి సైనికుణ్ణి చూస్తే, పదిహేడొందల ఏళ్ల కిందట ఈ లోయకి ఎక్కడెక్కడి మనుషులు వచ్చారో తెలుస్తుంది. ఈ లోయనేలిన ఇక్ష్వాకు వంశపు రాజు చాంతమూలుడు అశ్వమేధం చేస్తే, వాళ్లింటి ఆడవాళ్లు బౌద్ధ స్తూపాలకి దానాలిచ్చారు, మహాచైత్యానికి, అంటే ఇక్కడి పెద్ద స్తూపానికి, స్తంభాలు నిలబెట్టించిన చాంతిసిరి స్వయానా ఆ రాజు తోబుట్టువు. నేను ఎక్కువసేపు నిలబడిపోయింది మాత్రం ఛాయాస్తంభాల దగ్గర. యుద్ధంలో పోయిన సైనికులకి, ఒక శిల్పికి కూడా, పేరు చెక్కి మరీ రాయి నిలబెట్టారు.

పాత లోయ నమూనా కూడా అక్కడే ఉంది. 1955లో నాగార్జునసాగర్ డ్యాముకి శంకుస్థాపన, 1967లో కాలవలకి నీళ్లు. లోయ మునిగేలోగా, 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపి, దొరికినవాటిలో ముఖ్యమైన కట్టడాలని రాయి రాయీ విప్పి కొండ మీదా, జలాశయం గట్టునున్న అనుపులోనూ మళ్లీ పేర్చారు. ఎంత ఓపిక కావాలి దానికి! ఆ పని చేసినవాళ్లకి దండం పెట్టాలి.

అయితే అదే నీళ్ల కోసం ఊళ్లు వదిలిన రైతుల గురించి నాకు అక్కడ ఒక్క ఫొటో కూడా కనబడలేదు. అరకు గిరిజన మ్యూజియంలో వంటిల్లు, వేట సామాను, పెళ్లి తంతు అన్నీ మనిషంత బొమ్మలతో పెట్టారు. ఇక్కడ కూడా ఒక గది చాలు కదా! ఆ ఊళ్ల పేర్లు, నాగళ్లు, పీకి తెచ్చుకున్న ఒక గుమ్మం, వాళ్ల గొంతుతోనే రికార్డు చేసిన నాలుగు మాటలు.

తిరుగు లాంచీలో ఆవిణ్ణి అడిగాను, ఆ తలుపుల గురించి ఎవరైనా వచ్చి రాసుకున్నారా అని. "ఎవరొస్తార్లే" అంది. ఊరు కళ్లారా చూసినవాళ్లు ఇప్పుడు డెబ్బై దాటినవాళ్లు. మాచర్ల, విజయపురి వైపు మీ ఇళ్లల్లో అలాంటివాళ్లుంటే ఫోన్‌లోనైనా వాళ్ల మాటలు రికార్డు చేసి పెట్టండి, ఈ ఏడే.