మా అయ్య చెప్పిన డండీ

ఎడింబరాలో రైలెక్కగానే అల్లుడు చెప్పాడు: "అత్తయ్యా, కిటికీ పక్కన కూర్చోండి. దారిలో రెండు పెద్ద వంతెనలొస్తాయి." మొదటిది ఫోర్త్ వంతెన. 1890లో కట్టిన ఎర్రటి ఉక్కు దూలాలు కిటికీ పక్కనుంచి అడ్డంగా, ఏటవాలుగా వెనక్కి పరిగెత్తాయి. గంట తర్వాత టే నది వచ్చింది. అవతలి ఒడ్డు మూడు కిలోమీటర్ల పైనే ఉంటుంది. నీళ్లు కనబడగానే నా చెయ్యి పర్సులోకి పోయింది. గోదావరి మీద రైలు వెళ్తుంటే చిల్లర వెయ్యకుండా ఎప్పుడూ దాటలేదు నేను. ఈ రైలు కిటికీ తెరుచుకోదు. రూపాయి బిళ్లని గుప్పిట్లో పెట్టుకుని ఆ నదికీ దణ్ణం పెట్టుకున్నాను.

అది 2023 జూన్. అమ్మాయి పురిటికి అందుకోవాల్సినదాన్ని, వీసా ఆలస్యమై మనవరాలికి మూడో నెల వచ్చాక చేరాను. అమ్మాయి వాళ్లుండే ఈ స్కాట్లాండ్ ఊరు డండీ నాకు కొత్తే గానీ, ఆ పేరు కొత్త కాదు.

మాది ఉత్తరాంధ్రలో జనపనార మిల్లు ఉన్న ఊరు. చుట్టుపక్కల పల్లెల్లో గోగు వేసేవాళ్లు. కట్టలు కట్టి చెరువులో ఊరబెడితే ఆ వాసన ఊరంతా పట్టేది. మా అయ్య మిల్లులో మగ్గం మీద పనిచేసేవాడు. ఆయన మగ్గం ఇనప చట్రం మీద ఇంగ్లీషు అక్షరాలు పోతపోసి ఉండేవట. క్లర్కు ఎవరో చదివి చెప్తే ఇంటికొచ్చి మాకు చెప్పాడు. "డండీ అంట. మన మగ్గం పుట్టినూరు." మేం ఆరుగురం పిల్లలం ఆ మగ్గం మీదే బతికాం.

వచ్చిన వారానికి అమ్మాయి నన్ను నెదర్‌గేట్ వీధిలోని డండీ కాంటెంపరరీ ఆర్ట్స్‌కి తీసుకెళ్లింది. ఇక్కడ అందరూ డీసీఏ అంటారు. 1999లో తెరిచారు, ఆర్కిటెక్ట్ రిచర్డ్ మర్ఫీ. వీధిలోంచి చూస్తే అంత పెద్దదనిపించదు. నేల నది వైపు వాలుగా ఉండడంతో లోపలికెళ్లాక అంతస్తులు కిందికి దిగుతూ పోతాయి. బొమ్మల ప్రదర్శనకి గ్యాలరీలు, సినిమా హాళ్లు, ప్రింట్ స్టూడియో, అన్నిటి మధ్యా ఒక కేఫ్. ఆ కేఫ్ పేరు చూసి స్ట్రోలర్ ఆపేశాను. జూట్. మా అయ్య ఒంటినిండా పట్టుకొచ్చిన ధూళి పేరు అక్కడ అందంగా రాసి ఉంది.

ఆ రోజు మేం వెళ్లింది చంటిబిడ్డలున్నవాళ్ల కోసం వేసే సినిమా ఆటకి. ఏడాది నిండని బిడ్డ ఉంటేనే ఆ ఆటకి రానిస్తారు. హాల్లో లైట్లు పూర్తిగా ఆర్పలేదు, సౌండ్ తగ్గించి పెట్టారు. తల్లులు, ఇద్దరు ముగ్గురు తండ్రులు. ఒకావిడ పాలిస్తూ చూస్తోంది, ఇంకొకావిడ గోడ పక్కన నిలబడి బిడ్డని ఊపుతూ చూస్తోంది. ఒక పిల్ల ఏడుపు అందుకుంటే ఇంకో రెండు గొంతులు తోడయ్యాయి. ఒక్కరూ వెనక్కి తిరిగి చూడలేదు. మా అమ్మ టూరింగ్ టాకీస్‌లో నేల మీద చీరకొంగు పరిచి మా తమ్ముణ్ణి పడుకోబెట్టి సినిమా చూసింది. బిడ్డ ఏడ్చిందని బయటికి పొమ్మన్నవాళ్లు ఆ రోజుల్లో లేరు. తర్వాత ఏసీ హాళ్లొచ్చాయి, చంటిబిడ్డ తల్లి సినిమా మానుకోవడం మామూలైపోయింది. మా అమ్మాయి చాలా నెలల తర్వాత ఇంట్లోంచి బయటికొచ్చి రెండు గంటలు కూర్చున్నది ఈ కుర్చీలోనే. కథ నాకు సగమే అర్థమైంది. నేను దాని మొహమే చూస్తూ కూర్చున్నాను.

సినిమా అయ్యాక గ్యాలరీకి వెళ్లాం. టికెట్ లేదు. జినెబ్ సెదిరా అనే కళాకారిణి ప్రదర్శన జరుగుతోంది. ఆమె పారిస్‌లో అల్జీరియా తల్లిదండ్రులకి పుట్టింది, లండన్‌లో స్థిరపడింది. అంతకుముందు ఏడాదే వెనిస్ బియన్నాలే అనే పెద్ద అంతర్జాతీయ కళా ప్రదర్శనలో ఫ్రాన్స్ తరఫున ప్రదర్శన ఇచ్చింది. సముద్రం, ఓడలు, వాటి మీద దాటి వెళ్లిన మనుషులు ఆమె ఏళ్ల తరబడి పట్టుకున్న విషయాలు. చీకటి గదిలో తెర మీద సముద్రం కదులుతుంటే మనవరాలు ఏడుపు మానేసి కళ్లార్పకుండా చూసింది. బెంచీ మీద కూర్చుని దాని మొహం మీద పడి మారుతున్న వెలుతురు చూశాను.

బయటికొచ్చాక జూట్‌లో టీ తాగుతూ అమ్మాయి సెదిరా గురించి ఇంకో సంగతి చెప్పింది. 2002లో ఆవిడ ఒక వీడియో పని చేసిందట. మూడు తెరలు. ఒకదాంట్లో ఆమె తల్లితో, ఒకదాంట్లో కూతురితో మాట్లాడుతుంది. తల్లిది అరబిక్, ఆమెది ఫ్రెంచి, కూతురిది ఇంగ్లీషు. మూడో తెర మీద అమ్మమ్మా మనవరాలూ ఎదురెదురుగా కూర్చుంటారు. అమ్మమ్మ అడిగింది మనవరాలికి తెలియదు, మనవరాలు చెప్పింది అమ్మమ్మకి తెలియదు.

టీ చల్లారిపోయింది. స్ట్రోలర్‌లో నిద్రపోతున్నదాని వైపు చూడడానికి కాసేపు ధైర్యం చాలలేదు. "అమ్మా, నేను తెలుగే మాట్లాడతాను దీంతో," అంది అమ్మాయి నా చెయ్యి పట్టుకుని. మాట్లాడుతుంది, నాకు తెలుసు. అయినా ఆ మూడో తెర నాలుగు రోజులు నిద్రపట్టనివ్వలేదు.

తర్వాతి ఆదివారం అల్లుడు వర్డెంట్ వర్క్స్ చూపించాడు. పాత జూట్ మిల్లుని మ్యూజియం చేశారు. ఒకప్పుడు ప్రపంచానికి గోనెసంచులు ఈ ఊరే ఇచ్చిందట. నార పెళుసుగా ఉంటే మెత్తబడడానికి తిమింగలం నూనె కలిపేవారు. ఇక్కడి రేవు నుంచి తిమింగలాల వేటకి ఓడలు వెళ్లేవి కాబట్టి నూనెకి కొదవలేదు. 1855లో కలకత్తా దగ్గర రిష్రాలో మిల్లు పెట్టాక పని మెల్లగా అటు మళ్లింది. మగ్గాలూ వెళ్లాయి, వాటిని నడిపించే డండీ మేస్త్రీలూ వెళ్లారు. ఈ ఊళ్లో మిల్లు పని ఎక్కువగా ఆడవాళ్లదే. పని దొరక్క ఇంట్లో ఉండే మగవాళ్లని కెటిల్ మరిగించేవాళ్లు అనేవారట. అక్కడి మనిషి మాకు చూపించడానికని ఒక యంత్రం ఆన్ చేశాడు. అందరూ చెవులు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. ఆ మోత మిల్లు గోడ అవతల నిలబడి వింటూ పెరిగాను.

డండీలో జూట్ పని 1990ల చివరికి పూర్తిగా ఆగిపోయింది. డీసీఏ తెరిచింది కూడా ఆ రోజుల్లోనే. మా ఊరి మిల్లూ మూతపడింది. మా అయ్యకి రావాల్సిన గ్రాట్యుటీ ఆయన పోయేదాకా రాలేదు. గేటుకి తుప్పుపట్టిన తాళం, లోపల తుమ్మచెట్లు. మిల్లు గోడౌన్‌కి కప్పు ఇంకా ఉంది. అందులో ఒక తెర కట్టి, ఊరి పిల్లలకి ప్రపంచ సినిమాలు వేసి, మిల్లులో పనిచేసినవాళ్ల ఫొటోలు గోడల మీద పెడితే ఎంత బాగుంటుందో! ఆ రోజు నుంచి ఈ కోరిక నన్ను వదలడం లేదు. ఊరెళ్లగానే సర్పంచ్‌ని అడుగుతాను.

తిరుగు ప్రయాణానికి ముందు ఒక్కదాన్నే మళ్లీ డీసీఏకి వెళ్లాను. అరవై దాటినవాళ్ల కోసం అక్కడ పగటిపూట ఆట వేస్తారు, ముందు టీ బిస్కెట్లు ఇస్తారు. పక్క కుర్చీలో ఎనభై దాటిన ఆవిడ. ఎక్కడినుంచి వచ్చావని అడిగింది. ఇండియా, మా నాన్న జూట్ మిల్లులో మగ్గం నేసేవాడని నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. కప్పు కింద పెట్టేసి నా వైపు పూర్తిగా తిరిగింది. వాళ్లమ్మ కూడా మగ్గం మీద పనిచేసిందట. మగ్గాల మోతలో మాట వినపడదు కాబట్టి ఆడవాళ్లు గొంతు లేకుండా, పెదాలు పెద్దగా కదిలిస్తూ మాట్లాడుకునేవారని, వాళ్లమ్మ ఇంటికొచ్చినా అలాగే మాట్లాడేదని చెప్పింది. మా అయ్య ఇంట్లో కూడా అరిచినట్టే మాట్లాడేవాడు. మేం కోపం అనుకునేవాళ్లం.

హాల్లో లైట్లు తగ్గాయి. ఆవిడ నా మోచెయ్యి తట్టి, చప్పుడు లేకుండా నోరు మెల్లగా తెరిచి మూసి ఏదో అంది. మొదటిసారి అందలేదు. రెండోసారి పెదాలు ఇంకా సాగదీసి అంది.

టీ. ఇంకొంచెం టీ కావాలా అని.

నేను కూడా గొంతు ఎత్తకుండా, మా ఊరి మాటలో, "చాలమ్మా" అన్నాను. ఆవిడ తలూపి తెర వైపు తిరిగింది.