పన్ను కట్టేలోపల ఇంప్లాంట్ మీది ముక్కను ఆరు సార్లు విప్పినారు

కింద కుడి పక్క దవడ పన్ను పోయి రెండేండ్లు అట్లనే ఉంటి, ఒక పక్కనే నమిలి నమిలి ఆ పక్క కూడా నొప్పి పుడ్తాంటే మా ఆయన పోరు పెట్టి ఇంప్లాంట్ వేయించుకోమన్నాడు. ఎముకలో టైటానియం మర దించేటప్పుడు నేను భయపడినంత ఏం లేదు, మూడు నెలలకు ఎక్స్‌రే తీసి ఎముక బాగా పట్టుకుందమ్మా అన్నారు. నాకు షుగర్ లేదు, పొగాకు అలవాటు లేదు. కష్టమంతా ఆ తర్వాతే మొదలైంది.

ఇంప్లాంట్ అంటే శానామంది పన్నే అనుకుంటారు, నేనూ అట్లనే అనుకున్నా. లోపల ఎముకలో ఉండేది వేరు మాదిరి మర, దాని మీద చిగురులోంచి పైకొచ్చే చిన్న ముక్కను అబట్మెంట్ అంటారు, దాని మీద కూర్చునేదే మనకు కనపడే పన్ను. పన్ను తయారయ్యేదాకా చిగురు మూసుకోకుండా హీలింగ్ క్యాప్ అని ఒకటి బిగించి పెడతారు.

నాకు కొలత తీసేదానికి ఆ క్యాప్ విప్పినారు, కొలత సరిగ్గా రాలేదని మళ్ళా, ల్యాబ్ నుంచి వచ్చిన పన్ను పక్క పన్నుకు ఒత్తుకుంటాందని మళ్ళా, రంగు కలవలేదని ఇంకోసారి, ఇట్ల మొత్తం ఆరు సార్లు. విప్పిన ముక్కను ట్రేలో పెట్టి దూదితో తుడిచి అదే బిగించేవాళ్ళు. రెండు సార్లు రక్తం కూడా వచ్చింది, అడిగితే మామూలేమ్మా అన్నారు. ఆఖరికి సిమెంటుతో పన్ను అతికించి పంపినారు.

ఆరు నెలలు బాగానే ఉండాది. ఆ తర్వాత బ్రష్ చేస్తే రక్తం, చిగురు ఎర్రగా ఉబ్బి వేలితో నొక్కితే చీము, పొద్దున లేస్తే నోరంతా చెడ్డ రుచి. నొప్పి మాత్రం లేదు, అందుకే నాలుగు నెలలు పట్టించుకోలేదు, దానికి ఇప్పటికీ బాధపడతా. మా అక్క కూతురు కడపలో బీడీఎస్ చదువుతాంది, పండక్కొచ్చినప్పుడు చూసి "చిన్నమ్మా, దీన్ని ఇట్ల వదిలేస్తే ఎముక కరిగిపోతాది, నాతో రా" అని పట్టుబట్టింది. తాడిపత్రిలో రైలెక్కి ఎర్రగుంట్ల మీదుగా కడపకు పోతిమి.

అక్కడి డాక్టరు మేడం సన్న పుల్లతో చిగురు లోతు కొలిచి, ఎక్స్‌రే తీసి నాకే చూపించినారు. మర చుట్టూ ఎముక గరాటు మాదిరి దిగిపోయింది. "మొదటి ఏడాదిలో ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్ తగ్గితే పెద్దగా భయపడమమ్మా, మీకు మూడు దాటింది" అన్నారు. నాకు కాళ్ళు వణికినాయి, ఎముకలో పోయిన దాన్ని ఎట్ల తెచ్చుకునేది!

మేడం బొమ్మ గీసి చెప్పింది ఏందంటే, మన సొంత పన్నుకు చిగురులోని నారలు వేరులోకే దూరి గట్టిగా పట్టుకోనుంటాయంట, అబట్మెంటుకు అట్ల కాదు, చిగురు దాని చుట్టూ కాలరు మాదిరి అంటుకోని ఉంటాది అంతే. లోపలికి క్రిములు పోకుండా అడ్డం ఉండేది ఆ పట్టు ఒక్కటే. క్యాపు గానీ అబట్మెంటు గానీ విప్పినప్పుడల్లా ఆ పట్టు చిరిగి పుండవుతాది, ఒళ్ళు మళ్ళా పట్టు కట్టుకుంటాది గానీ ఇంకొంచెం కిందికి జరిగి కట్టుకుంటాది, ఆ జాగా కోసం ఎముక వెనక్కి తగ్గుతాది. స్వీడన్ లో 1997లోనే కుక్కల మీద ఐదు సార్లు విప్పి బిగించి చూస్తే ఎముక తగ్గిందంట. ఒకటి రెండు సార్లు విప్పక తప్పదు, దానికేం కాదు, చిగురు పల్చగా ఉండేవాళ్ళకు మాత్రం ఇంకా జాగ్రత్త కావాలంట, నాది పల్చనిదే.

నా దాంట్లో ఇంకో తప్పు కూడా ఉండాది, పన్ను అతికించిన సిమెంటు చిన్న తునక చిగురు లోపలే ఉండిపోయింది. పైగా అబట్మెంటును మరకు బిగించే లోపలి స్క్రూ కూడా లూజైంది, ఆ సందులో క్రిములు చేరినాయి. "ఏది ఎంత చేసిందో విడదీసి చెప్పలేనమ్మా" అని మేడం ఉన్నదున్నట్టు చెప్పడం నాకు నచ్చింది.

పన్ను తీసేసి, చిగురు కోసి, మర చుట్టూ బ్రష్ తో శుభ్రం చేసి కుట్లేసినారు. రెండు వారాలు క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిములు చంపే మందుతో పుక్కిలించడం, మెత్తటి సంకటి, మజ్జిగ. చిగురు బాగా మానినంక కొత్త అబట్మెంటును శుభ్రం చేసి స్టెరిలైజ్ చేసి, బలం కొలిచి బిగించే టార్క్ రెంచితో కంపెనీ చెప్పినంత బలానికి ఒకేసారి బిగించినారు, దాన్ని ఇంక విప్పకుండా కొలతలన్నీ దాని మీదనే తీసినారు. ఈసారి సిమెంటు జోలికి పోకుండా పన్నును కూడా స్క్రూతోనే పెట్టినారు.

పోయిన ఎముకంతా తిరిగి రాలేదు, కొంచెం నిండింది, తగ్గడం మాత్రం ఆగింది. ఎవురైనా మీ డాక్టరును ధైర్యంగా అడగండి, ఆఖరి అబట్మెంట్ మొదటే పెట్టొచ్చా, ఎన్నిసార్లు విప్పుతారు, మళ్ళా పెట్టే ముందు ఎట్ల శుభ్రం చేస్తారు అని. నేను అడగలేకపోయినా.

ఇప్పుడు రోజూ రాత్రి సన్న బ్రష్ తో ఆ సందు కడుక్కుంటా, మూడు నెలలకోసారి కడపకు పోతా. పోయిన వారం మేడం చిగురు కొలిచి, ఎక్స్‌రే చూసి, ఏదీ విప్పకుండానే పంపినారు. రక్తం లేదు. వచ్చేటప్పుడు రైల్లో ఉడకబెట్టిన శెనక్కాయలు కొనుక్కోని కుడి పక్కే నమిలినా.