గట్టి స్కీలే ఎందుకు?

"మన కడపలో మంచెక్కడిది, ఈ చెక్కలతో నీకేం పనిరా?" అని, మంచు మీద జారడానికి కాళ్లకు తొడుక్కునే నా స్కీలను చూసి అమ్మ నవ్వుతుంది కానీ, నిరుడు జనవరిలో కశ్మీర్‌లోని గుల్మార్గ్‌లో జరిగింది నేనింకా మరువలేదు. గండోలా అనే రోప్‌వే రెండో దశ దింపే దాదాపు 4,000 మీటర్ల ఎత్తు నుంచి, అద్దెకు తెచ్చుకున్న మెత్తటి స్కీలతో వేగం పెంచగానే, పదిమంది తొక్కి గడ్డలు కట్టిన మంచు మీద వాటి మొనలు టపటపా కొట్టుకున్నాయి. లోపల దాగిన రాయి తగిలి, అడుగున ఉక్కు అంచు బొటనవేలంత మేర నొక్కుకుపోయింది. పరిహారం కట్టక తప్పలేదు.

అందుకే ఈసారి సొంతానికి ఎంచుకున్నవి 188 సెంటీమీటర్ల పొడవు, నడుము దగ్గర, అంటే స్కీ మధ్యభాగంలో, 108 మిల్లీమీటర్ల వెడల్పు గలవి. లోపలి చెక్కకు పైనా కిందా టైటనాల్ అనే అల్యూమినియం మిశ్రమలోహపు రేకు పరచినందువల్ల బరువెక్కువే, అయితే ఆ బరువే గడ్డలను చీల్చుకుపోతుంది, ఆ రేకే అదురును మింగేస్తుంది. కార్బన్‌తో చేసినవి గట్టిగా ఉన్నా, తేలిక కావడంతో అదురు కాలికి తెలుస్తుంది. నేనెంచుకున్న ఈ బరువైన గట్టి స్కీలు అందరికీ సరిపడవు. వెనక్కి వాలి నిలబడేవాణ్ని, నెమ్మదిగా మలుపు తిరిగేవాణ్ని ఇవే లాక్కుపోతాయి. నా తొడల బలం మీద నాకే అంత నమ్మకం లేదు కనుక, నెల రోజులుగా తెల్లవారుజామునే పాలకొండల వైపు వెళ్లి గుట్ట ఎక్కి దిగుతున్నాను.