అమ్మ వాటా కూర

ఇంటిల్లిపాదికీ వడ్డించి, గిన్నె అడుగున మిగిలిన చారుతో సరిపెట్టుకునే ఆడవాళ్లు ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోవాలి. గర్భిణి కాని స్త్రీకి డెసిలీటరుకు 12 గ్రాముల కంటే తక్కువుంటే రక్తహీనతే.

డాక్టర్ ఐరన్ మాత్ర రాస్తే టీతో మింగకండి. టీలోని టానిన్లు ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు. కనీసం గంట ఎడం ఉండాలి. కాల్షియం మాత్ర ఇంకో పూట. నిమ్మరసంతో అయితే బాగా పడుతుంది. మలం నల్లగా వస్తుంది, కంగారొద్దు. కడుపులో తిప్పుతోందని చాలామంది మానేస్తారు. అన్నం తిన్నాక వేసుకోండి, పట్టడం కాస్త తగ్గినా మానేయడం కంటే నయం. నీరసం పోగానే ఆపొద్దు, నిల్వలు నిండాలంటే ఇంకో 3 నెలలు వాడాలి.

ఇక కూరంటారా, పొయ్యి మీంచి దించగానే మీ వాటా చిన్న గిన్నెలోకి తీసి మూత పెట్టండి. పిల్లాడు 'ఇంకొంచెం' అన్నా ఆ మూత తీయొద్దు.