స్లాబ్ మీద వాన పడకుండా

చెన్నై శివారు ఆవడి దాటాక ఒక సైట్‌లో రెండో అంతస్తు స్లాబ్ వేస్తున్నాం. జూన్ నెల. మధ్యాహ్నం రెండున్నరకి చివరి కాంక్రీటు పడింది, మేస్త్రీ చదును చేస్తున్నాడు. నెత్తిమీద ఆకాశం తేటగా ఉంది. నాలుగింటికి పడమట నల్లగా గోడ లేచింది. నాలుగున్నరకి ఈదురుగాలి, దాని వెనకే వాన. కప్పబోయిన టార్పాలిన్లలో రెండిటిని గాలి పక్క స్థలంలోకి విసిరేసింది. వాన ఆగాక చూస్తే పైనున్న సిమెంటు పాలన్నీ కారిపోయి కంకర తేలింది.

"పొద్దున వాన పడుతుందని చెప్పలేదా సార్?" అన్నాడు మేస్త్రీ. ఆయనది శ్రీకాకుళం, చెన్నైలో ఇరవయ్యేళ్లుగా పని చేస్తున్నాడు. చెప్పారు. 'ఒకటి రెండు చోట్ల ఉరుములతో కూడిన జల్లులు' అన్నారు. ఆ ఒకటో చోటు మాదైంది.

పై పొర చెక్కి మళ్లీ వేయించిన ఖర్చు సంగతి వదిలేస్తాను. ఆ రాత్రి మా బావకి ఫోన్ చేశాను. అక్కా వాళ్లూ ఉండేది ఓక్లహోమాలో. అమెరికా మొత్తానికీ తీవ్రమైన ఉరుముల గాలివానల అంచనాలు వేసే స్టార్మ్ ప్రిడిక్షన్ సెంటర్ ఆ రాష్ట్రంలోనే, నార్మన్ అనే ఊళ్లో ఉంది. ముప్పుని ఐదు మెట్లుగా రంగులేసి చూపిస్తారు. అంగుళం సైజు వడగళ్లు గానీ, గంటకు 93 కిలోమీటర్ల గాలి గానీ, టోర్నడో గానీ ఉంటేనే అది 'తీవ్రం' కింద లెక్క. బావది సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే కానీ, అక్కడ కాపురముంటే వాతావరణం ఒంటబట్టక తప్పదట.

"పాలగిన్నె మీద మూత పెట్టినట్టు అనుకో" అన్నాడు. "కింద గల్ఫ్ ఆఫ్ మెక్సికో నుంచి తేమగాలి వస్తుంది. దాని మీద, పడమటి ఎడారి పీఠభూముల నుంచి వేడి పొడిగాలి వచ్చి మూతలా కూర్చుంటుంది. కింద ఎంత కాగినా మూత లేవదు. ఉత్తరాన్నుంచి కోల్డ్ ఫ్రంట్, అంటే తోసుకొచ్చే చల్లగాలి ముందంచు, వస్తే, ఆ చల్లగాలి బరువు కదా, వేడిగాలి కిందకి దూరి పైకి తన్నుతుంది. అప్పుడు పొంగుతుంది."

అక్కడి నడివేసవిలో ఆ ఫ్రంట్‌లు బలహీనపడతాయి, మూత మాత్రం గట్టిపడుతుంది. మూడు కిలోమీటర్ల ఎత్తున గాలి 12 డిగ్రీలు దాటి వేడిగా ఉంటే మూత లేవడం కష్టమని వాళ్లకొక బండగుర్తు. అందుకే జులైలో అంచనా వేయడం ఇంకా చిక్కు అన్నాడు.

"మద్రాసుకి కోల్డ్ ఫ్రంట్ ఎక్కణ్ణుంచి తేను బావా? ఇక్కడ కోల్డ్ అన్న మాటే లేదు."

"మూత లేపేది మీకూ ఏదో ఒకటి ఉంటుంది. వెతుకు."

మొదట నేను వెతికింది అది కాదు. చెన్నై విమానాశ్రయం ఉండే మీనంబాక్కంలో తెల్లవారుజామున వదిలే వాతావరణ బెలూన్ కొలతలు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. అందులో కేప్ అనే సంఖ్య ఉంటుంది: మూత లేచాక గాలి పైకి ఎగరడానికి ఎంత శక్తి దొరుకుతుందో చెప్తుంది. ఒకరోజు అది మూడువేలు దాటింది. అమెరికా మైదానాల్లో ఆ అంకె చూస్తే జనం జాగ్రత్తపడతారు. నేను స్లాబ్ ఆపించేశాను. కూలీలు వచ్చి వెనక్కెళ్లారు, రెడీమిక్స్ బండ్లు రద్దయ్యాయి. సాయంత్రం దాకా ఒక్క చుక్క రాలలేదు. ఇంటి ఓనరు అన్న మాటలు ఇక్కడ రాయను. తర్వాత తెలిసిందేమంటే, సముద్రం పక్కనున్న ఊళ్లో ఆ కాలంలో కేప్ చాలా రోజులు ఎక్కువే ఉంటుంది. పాలు రోజూ కాగుతూనే ఉంటాయి. చూడాల్సింది మూతని.

ఆ మూత లేపేది మనకి మధ్యాహ్నం వీచే సముద్రపు గాలి. చెన్నైవాళ్లందరికీ తెలిసినదే, నాకే తట్టలేదు. పొద్దున్నుంచి పడమటి గాలి ఊరిని వేయిస్తుంది. నేల వేడెక్కాక సముద్రం మీది చల్లగాలి తూర్పు నుంచి లోపలికి తోసుకొస్తుంది. అదీ బరువే, వేడిగాలి కిందకి దూరేదే. పిల్ల కోల్డ్ ఫ్రంట్ అన్నమాట. ఒక్క తేడా ఉంది: అక్కడ ఫ్రంట్ దాటితే గాలి పొడిబారుతుంది, ఇక్కడ ఇంకా జిడ్డెక్కుతుంది.

రెండు నెలలు నోట్‌బుక్ పెట్టాను. విమానాశ్రయం అరగంటకోసారి ఇచ్చే రిపోర్టులో గాలి దిక్కు, ఉష్ణోగ్రత, తేమ ఉంటాయి. గాలి 270 డిగ్రీల నుంచి 120కి మారిన టైము రాసుకునేవాణ్ణి. అంటే పడమర నుంచి ఆగ్నేయానికి. ఆవడి ఇంకా లోపల కాబట్టి మాకు ఇంకాస్త ఆలస్యంగా తగిలేది. పన్నెండుకే గాలి తిరిగిన రోజుల్లో ఊరు చల్లబడి ఊరుకునేది. ఉరుములేమన్నా ఉంటే చిత్తూరు, వేలూరు వైపే. పడమటి గాలి మరీ జోరుగా ఉంటే సముద్రపు గాలి అడుగే పెట్టదు, ఉత్త వడగాలి. రెండూ సమానంగా ఉండి, రెండు మూడింటి మధ్య మా శివార్లలోనే ఢీకొంటే మాత్రం గుండె దడే. ఆపైన మాకు పడమటనున్న తిరుత్తణి దగ్గర రాడార్‌లో ఎర్రచుక్క, అంటే జోరువాన గుర్తు, కనిపించిందంటే గంటలు లెక్కపెట్టుకోవడమే.

ఇంకో సంగతి. తలెత్తి చూస్తే తేటగా ఉన్న ఆకాశం నన్ను ఎందుకు మోసం చేసిందో బావ మాటల్లో దొరికింది. వాళ్ల దగ్గర గాలివాన తూర్పుకి నడుస్తుంటే దాని తలమీది మబ్బు కూడా తూర్పుకే, ముందుగానే పరుచుకుంటుందట. ఎండ మసకబారితే సర్దుకోవచ్చు. మనకి ఈ కాలంలో చాలా పైన, పదిహేను కిలోమీటర్ల దగ్గర, తూర్పు నుంచి పడమరకి జెట్ ప్రవాహం, అంటే మహా వేగంగా వీచే గాలి ధార, ఉంటుంది. వాతావరణ శాస్త్రవేత్త పి. కోటేశ్వరం 1958లో వివరంగా రాసింది దీని గురించే. మేఘం చెన్నై వైపు వస్తుంటే తల మాత్రం వెనక్కి, చిత్తూరు వైపు సాగుతుంది. అందుకే గోడ దగ్గరికొచ్చేదాకా నెత్తిమీద నీలంగానే ఉంటుంది.

ఇప్పుడు జూన్ నుంచి సెప్టెంబర్ దాకా స్లాబ్ ఉంటే తెల్లవారి ఐదింటికి మొదలుపెట్టి పదకొండుకల్లా ముగిస్తాం. ఆ తర్వాత గాలి ఎప్పుడు తిరుగుతుందో చూస్తూ కూర్చుంటాను. కాంక్రీటు బిగుసుకోవడానికి నాలుగైదు గంటలు దొరికితే చాలు. నా లెక్కలు ఇంకా తప్పుతాయి. పోయిన ఏడు రెండుసార్లు ఊరికే టార్పాలిన్లు కప్పించాను, మేస్త్రీ నవ్వాడు. రాత్రి తొమ్మిది పది దాటాక వచ్చే ఉరుముల గురించి మాత్రం బుర్ర పాడుచేసుకోను. అప్పటికి స్లాబ్ గట్టిపడి ఉంటుంది, వాన పడితే మర్నాడు స్లాబ్ తడిపి ఉంచే క్యూరింగ్‌కి నీళ్ల ట్యాంకర్ ఖర్చు మిగిలినట్టే.