మూడో స్టేజిలో ఆ అయిదు పి.ఎస్.ఐ. ఎక్కడికి పోతోంది?

ఈ ఆదివారం మా ఎండ్యూరోలో (కొండబాటల మీది సైకిలు పందెం) కూడా నా వెనక టైరు అదే పని చేసింది, దారిలో గాలి వదిలింది. స్టేజి అంటే గడియారం పెట్టి దిగే ఒక్కో బాట. మూడో స్టేజి మొదట్లో, కొండ మీద 24 పి.ఎస్.ఐ. (గాలి ఒత్తిడి కొలత) చూపించిన గేజి, కింద చెరువు గట్టు దగ్గర 18.5 చూపించింది. మిగతా స్టేజిలన్నీ బాగానే సాగాయి. రెండోదానిలో నా పాత సమయం మీద 7 సెకన్లు తగ్గాయి. వాటి గురించి అంతకు మించి చెప్పవలసినది లేదు.

మేము దిగే బాటలు ఒడిశాలో సిమిలిగుడకూ పొట్టంగికీ నడుమ, దేవ్‌మాలి చుట్టుపక్కల కొండల మీద ఉన్నాయి. అవన్నీ ఊరివాళ్ళ పశువుల బాటలే. మూడో స్టేజి సుమారు 1,300 మీటర్ల ఎత్తున మొదలై 900 మీటర్ల దగ్గర ముగుస్తుంది, పొడవు 2.6 కిలోమీటర్లు. సగం దూరం కాలు నిలవని ఎర్ర గ్రావెల్; ఆ తరువాత ఖోండలైటు రాతి మెట్లు, అవి కూడా నిటారుగా కాక లోయవైపు వాలి ఉంటాయి. గాలి పోతున్నది ఈ రెండో సగంలోనేనని మొదటి నుంచీ నా అనుమానం.

ముందుగా వాతావరణాన్ని లెక్కలోంచి తీసివేయవలసి వచ్చింది. 400 మీటర్లు దిగితే బయటి గాలి ఒత్తిడి సుమారు 0.6 పి.ఎస్.ఐ. పెరుగుతుంది, కాబట్టి టైరులో ఏమీ పోకపోయినా గేజి ఆ మేరకు తక్కువ చూపించాలి. పైగా కిందికి వచ్చేసరికి ఎండ ముదిరి టైరు వేడెక్కుతుంది, అంటే గేజి కొంచెం ఎక్కువ చూపించాలి. ఈ రెండూ కలిసినా అయిదు పి.ఎస్.ఐ. తేడాకు సమాధానం దొరకదు. అయినా సందేహం ఉండకూడదని, అదే ఎత్తు నుంచి అదే చక్రంతో తారు రోడ్డు మీదుగా దిగి చూశాను: 24 నుంచి 23.3కు తగ్గింది. గేజి తగిలించిన ప్రతిసారీ తప్పించుకునే కాస్త గాలిని కూడా కలుపుకుంటే లెక్క సరిపోయింది. కాబట్టి గాలిని తింటున్నది ఎత్తు కాదు, బాటే.

తరువాత మామూలు దోషులను ఒక్కొక్కరినీ విచారించాను. వాల్వు చుట్టూ సబ్బునీళ్ళు పోస్తే ఒక్క బుడగ కూడా రాలేదు. ఇది లోపల ట్యూబు లేని ట్యూబ్‌లెస్ టైరు, గాలి పోకుండా రిమ్ముకు టేపు చుడతారు. రిమ్ము లోపలి వెడల్పు 30 మిల్లీమీటర్లు కాబట్టి టేపు 32 మిల్లీమీటర్లది కొత్తగా చుట్టాను, తేడా రాలేదు. మన ఎండలకు సీలెంట్ (టైరులోపల పోసే, చిన్న చిల్లులను పూడ్చే ద్రవం) రెండు మూడు నెలల్లోనే గట్టిపడి రబ్బరు ముద్దలవుతుంది కనుక పాతది గోకి తీసి 100 మిల్లీలీటర్లు కొత్తది పోశాను, అప్పుడూ తేడా రాలేదు. చక్రాన్ని నీళ్ళ తొట్టిలో ముంచితే నిశ్శబ్దంగా ఉంటుంది. రాత్రంతా గోడకు ఆనించి ఉంచినా పొద్దున్న దాదాపు అంతే ఒత్తిడి చూపిస్తుంది. నిలబడి ఉన్నప్పుడు ఇంత బుద్ధిగా ఉండే టైరు, బాట మీద మాత్రమే గాలి వదులుతోందంటే, బరువు పక్కకు పడినప్పుడు బీడ్, అంటే రిమ్ములో కూర్చునే టైరు అంచు, ఒక్క క్షణం రిమ్మును వదిలి, మళ్ళీ వెంటనే అతుక్కుంటోందన్నమాట.

దీనికి ఆధారం జయపురంలోని పంక్చర్ దుకాణం పెద్దాయన చూపించారు. ట్యూబ్‌లెస్ సైకిలు టైరు ఆయనకు కొత్తే గాని, చక్రాన్ని ఒక చుట్టు తిప్పి చూసి, "టైరుకేం కాలేదు బాబూ, అంచు చూడండి" అన్నారు. వాల్వుకు సరిగ్గా ఎదురుగా, ఎడమవైపు, రిమ్ము అంచు మీద జానెడు పొడవున తెల్లని సీలెంట్ చిమ్మి, దాని మీద ఎర్రదుమ్ము పేరుకుని గట్టిపడి ఉంది. అక్కడ సుద్దతో గుర్తు పెట్టి వెర్నియర్ కాలిపర్‌తో కొలిచాను. రిమ్ము బయటి వెడల్పు చుట్టూ 35.0 మిల్లీమీటర్లు ఉంటే, ఆ జానెడు మేర 35.9 ఉంది. ఏదో రాతి మెట్టు తగిలి అంచు బయటికి ఒరిగినట్లుంది. సర్దుబాటు పానాతో మెల్లమెల్లగా వంచి 35.2కు తెచ్చాను, అల్యూమినియం కాబట్టి అంతకంటే బలవంతపెడితే చిట్లుతుంది. ఆదివారం 24తో దిగినది ఆ తరువాతే.

అయితే అంచు వంకరే మొత్తం కారణమైతే, సరిచేశాక నష్టం తగ్గాలి గదా, తగ్గలేదు. నా ఊహ ఏమిటంటే, రాతి మెట్ల దగ్గరి గట్టి మలుపులన్నీ కుడివైపువే. చక్రం అడ్డంగా జారి రాయికి తగిలినప్పుడు నేల టైరును కుడికి నెడుతుంది, రిమ్ము మాత్రం నా బరువుతో ఎడమకే పోతుంది. దానితో ఎడమ బీడ్ రిమ్ము గోడ నుంచి లోపలికి జారుతుంది. ఒకే పొర ఉన్న పలుచని టైరుకు పక్క గోడలో ఆ తోపును ఆపే బిగువు లేదు. 27 పి.ఎస్.ఐ. పెట్టి దిగితే రెండే పోయాయి గాని, పై సగంలోని గ్రావెల్ మీద వెనక చక్రం నిలవక 11 సెకన్లు పోగొట్టుకున్నాను.

ఈ గొడవంతా దారిలోనే తేల్చుకోవలసి రావడమే ఎండ్యూరో మీద నాకున్న మోజు. క్రాస్ కంట్రీలో ఎక్కుడుకు కూడా గడియారం తిరుగుతుంది, ఎవరితోనూ మాట్లాడే ఊపిరి మిగలదు. డౌన్‌హిల్‌లో వాహనమో లిఫ్టో పైకి చేరుస్తుంది. ఎండ్యూరోలో చాలావరకు మన కాళ్ళతోనే పైకి ఎక్కాలి, లెక్కపెట్టేది మాత్రం కిందికి దిగే సమయాన్నే. 2013లో ఇటలీలోని పుంటా ఆలాలో మొదలైన ఎండ్యూరో వరల్డ్ సిరీస్, 2023 నుంచి యు.సి.ఐ. (అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య) ప్రపంచ కప్పుగా నడుస్తున్నా ఈ మూలసూత్రం మారలేదు. మా దగ్గర సమయం కొలిచే చిప్పులు లేవు. కలిపి పెట్టుకున్న ఫోను గడియారాలూ, ఒక నోటు పుస్తకమూ, మనిషికీ మనిషికీ 30 సెకన్ల ఎడమూ ఉన్నాయి. జయపురంలో మందుల దుకాణం నడిపే మా బావ, రాయగడ నుంచి కొరాపుట్ దాకా రైలులో సైకిలు వేసుకొచ్చే లెక్చరర్ గారు, సాలూరు వైపు నుంచి ఘాటు ఎక్కి వచ్చే ఇద్దరు కుర్రాళ్ళు వలిసె చేల పక్కన సైకిళ్ళు తోసుకుంటూ నా టైరు మీద తలా ఒక తీర్పు చెప్పారు. చక్రం అరువిస్తానని ఎవరూ అనలేదు, ఎందుకంటే పొద్దున్న పెట్టుకున్న చక్రాలతోనే సాయంత్రం దాకా సాగాలన్నది మా నియమం.

బావ మాట సి.ఓ.2 సిలిండర్ దగ్గర పెట్టుకోమని. నాకు ఆ పద్ధతి నచ్చదు. ఆ వాయువు రబ్బరులోంచి మామూలు గాలి కంటే త్వరగా బయటపడుతుంది, పైగా వదిలేటప్పటి చల్లదనానికి సీలెంట్ అక్కడక్కడ గడ్డకడుతుంది. ఎలాగూ ఎక్కుడులో సమయం ఉంటుంది కనుక చేతి పంపే మేలు. ముందు చక్రానికి నేను వాడే మాక్సిస్ మినియన్ డి.హెచ్.ఎఫ్. టైరు మీద ఎవరికీ పేచీ లేదు, దాని గురించి మాట్లాడుకోవడమే మానేశాము.

లెక్చరర్ గారు టైరు లోపల ఫోమ్ పట్టీ వేయమంటున్నారు. అది రెండు బీడ్లనూ లోపలి నుంచి గోడలకు అదిమి ఉంచుతుందనేది నిజమే గాని, సుమారు పావు కిలో బరువు పెరుగుతుంది. బాట మీద టైరు కోసుకుపోతే సీలెంట్‌తో తడిసిన ఆ పట్టీని భుజాన వేసుకుని ఎక్కాలి. అందుకని ముందు రెండు పొరల టైరు ఒక్కటే మార్చి, అదే 24తో, అదే రిమ్ముతో దిగుతాను. నష్టం ఒక పి.ఎస్.ఐ. లోపుకు వస్తే ఫోమ్ ఆలోచన వదిలేస్తాను. రాకపోతే రిమ్మే మార్చాలి.

ఈలోగా పొట్టంగి వైపు అయిదో స్టేజికి ఒక బాట చూసి పెట్టుకున్నాము. ఆ ఊరి పెద్దకు తెలుగు రాదు, మా దేశియా ఒడియా అంతంత మాత్రం. అయినా విషయం తేలింది. మధ్యాహ్నం మూడు దాటాక మందలు అదే బాటన దిగుతాయట. ఆ స్టేజిని చివరికి ఉంచకుండా, పొద్దున్న మొదటిదిగా పెట్టి, మూడోదాన్ని రెండో స్థానానికి జరుపుతున్నాము. అప్పుడు టైరు ఇంకా చల్లగానే ఉంటుంది, కనుక కొలతలు పైన మరోసారి మొదటి నుంచి తీసుకోవాలి.