మాస్టారి ‘ఫ్రమ్’, గుమాస్తా గారి ‘టు’

మన బడిలో ఇంగ్లీషు వ్యాకరణానికి ఎవరూ అంతగా హడలిపోయేవారు కాదు. కాలాలు, కర్తరి, కర్మణి అన్నీ లెక్కల్లా సూత్రం పట్టుకుంటే సాగిపోయేవి. అందరం బోల్తా పడేది ప్రిపొజిషన్ల దగ్గరే. ఒక పదం తర్వాత ‘ఆన్’ రావాలా, ‘ఎట్’ రావాలా, అసలేమీ రాకూడదా అన్నది ఏ సూత్రానికీ అందేది కాదు.

మద్రాసు జార్జిటౌన్ పిల్లలం కదా. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. తెలుగులో కోపం ఒకరి ‘మీద’ వస్తుంది. తమిళంలోనూ అంతే, ‘మేలె’ వస్తుంది. రెండు భాషలూ కూడబలుక్కుని ఒకే మాట చెబుతుంటే ‘యాంగ్రీ’ పక్కన ‘ఆన్’ రాయక ఏం చేస్తాం? ఇంగ్లీషులో మనిషి అయితే ‘విత్’, విషయమైతే ‘ఎట్’ అని మాస్టారు ఎన్నిసార్లు చెప్పినా చెయ్యి మాత్రం ‘ఆన్’ వైపే పోయేది. చర్చ సంగతీ అంతే. మనం ఒకదాని ‘గురించి’ చర్చిస్తాం, పక్కింటి తమిళులు దాన్ని ‘పత్తి’ మాట్లాడుకుంటారు. ‘డిస్కస్’ అనే క్రియకు మాత్రం ‘అబౌట్’ అక్కర్లేదు. ఇప్పటికీ ఈ ఊరి ఆఫీసుల్లో రోజూ వినపడే తప్పు ఇదేనని నా అనుమానం.

మాస్టారు సూత్రాల జోలికి పోలేదు. “పదాన్ని ఒంటరిగా నేర్చుకోకండి, తోకతో సహా నేర్చుకోండి” అనేవారు. అందుకోసమే సైక్లోస్టైల్ చేయించిన ఒక పట్టిక పంచిపెట్టారు. ఎడమవైపు పదం, కుడివైపు దాని తోక. వేలికి నీలం సిరా అంటుకునే ఆ కాగితం మన బ్యాచి వాళ్ళందరికీ గుర్తుండే ఉంటుంది. ‘డిపెండెంట్’ పక్కన ‘ఆన్’ ఉంటే, దాని వెంటనే ‘ఇండిపెండెంట్’ పక్కన ‘ఆఫ్’. ఒకరి మీద ఆధారపడటానికి ఒక తోక, స్వతంత్రంగా బతకడానికి ఇంకో తోక. ‘పార్ట్’ అనే క్రియకైతే రెండున్నాయి. మనిషిని విడిచి వెళితే ‘ఫ్రమ్’, వస్తువునో డబ్బునో వదులుకుంటే ‘విత్’. అందరం కొట్లు నడిపే కుటుంబాల పిల్లలమే కాబట్టి ఆ రెండోదాన్ని మా ఇళ్ళలో ఎవరూ వాడరని తరగతిలో ఒకటే నవ్వు. మాస్టారూ నవ్వారు.

‘సీనియర్’, ‘జూనియర్’, ‘సుపీరియర్’, ‘ఇన్‌ఫీరియర్’ ఒక గుంపు. పోలిక చెప్పే మాటలైనా వీటి తర్వాత ‘దాన్’ రాదు, ‘టు’ వస్తుంది. ఇవి లాటిన్ నుంచి పోలిక రూపంలోనే దిగిన మాటలు కనుక ఇంగ్లీషు పోలికల పద్ధతి వీటికి అంటలేదని చెప్పారు. కారణం చెప్పి నేర్పినవి ఇలాంటివి కొన్నే.

అసలు గొడవ ‘డిఫరెంట్’ దగ్గర వచ్చింది.

గోవిందప్ప నాయకన్ వీధిలో మా నాన్నది దినుసుల టోకు కొట్టు. ఒకసారి ఉత్తరాది నుంచి వచ్చిన జీలకర్ర, ముందు పంపిన నమూనాలా లేదు. రంగు తక్కువ, పుల్లలు ఎక్కువ. అక్కడి వ్యాపారికి తెలుగు రాదు, నాన్నకు హిందీ రాదు. ఉత్తరం ఇంగ్లీషులో రాసే పని నామీద పడింది. సరుకు నమూనాకు తేడాగా ఉందన్న వాక్యంలో పట్టిక ప్రకారం ‘ఫ్రమ్’ పెట్టాను. మా కొట్లో గుమాస్తా గారు పెద్దాయన. అంతకుముందు ప్యారిస్ కార్నర్ దగ్గర ఒక తెల్లదొరల కంపెనీలో ఏళ్ళ తరబడి టైపిస్టుగా చేశారు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ‘ఫ్రమ్’ మీద అడ్డంగా గీటు పెట్టి, పైన ‘టు’ అని రాశారు. “దొరలు ఇలాగే రాసేవారు బాబూ” అన్నారు. ఆయన మాట కాదనే ధైర్యం నాన్నకే లేదు, ఇక నాకెక్కడిది! ఉత్తరం ‘టు’తోనే పోయింది. దాని కార్బన్ కాపీ మాత్రం నా పుస్తకంలో మాస్టారి కంటపడింది.

మాస్టారు ఎర్ర సిరాతో సున్నా చుట్టారు. సంగతంతా చెప్పాను. కోపం వస్తుందనుకుంటే, ఆయన కాసేపు కాపీ వైపే చూస్తూ ఉండిపోయారు. ఆ ఆదివారం సెంట్రల్ స్టేషన్ పక్కనున్న మూర్ మార్కెట్‌కు వెళ్ళి పాత పుస్తకాల కొట్లు వెతికారు. 1985లో అగ్నిప్రమాదంలో కాలిపోయిందే, ఆ మార్కెట్టే. సోమవారం చంకలో అట్ట ఊడిన లావుపాటి పుస్తకంతో తరగతికి వచ్చారు. 1926లో ఫౌలర్ వెలువరించిన ఇంగ్లీషు వాడుక నిఘంటువు అది. ‘డిఫరెంట్’ తర్వాత ‘ఫ్రమ్’ తప్ప ‘టు’ రాకూడదనుకోవడం మూఢనమ్మకమని అందులో ఉంది. ‘డిఫర్’ అనే క్రియకు ‘ఫ్రమ్’ వస్తుంది కాబట్టి ‘డిఫరెంట్’కూ అదే రావాలన్న వాదన నిలవదు, ‘అకార్డ్’ అనే క్రియకు ‘విత్’ వచ్చినా, ‘అకార్డింగ్’ పక్కన అందరూ ‘టు’ రాయడం లేదా అని మాస్టారు మాకు విడమరచి చెప్పారు. తన పట్టికలోని మాట ఒక్కటే సరైనది కాదని పిల్లల ముందు గట్టిగా చదివి చెప్పిన మాస్టార్లను నేను ఆ తర్వాత ఎక్కువమందిని చూడలేదు. పుస్తకం మూసి, “పరీక్షలో మాత్రం ‘ఫ్రమ్’ రాయండి, దిద్దేవాళ్ళ దగ్గర ఈ పుస్తకం ఉండదు” అన్నారు.

ఈ వాదం స్టాఫ్ రూములో తెలుగు అయ్యవారి చెవిన పడింది. మరుసటి గంటకు ఆయన వస్తూనే విభక్తులు చెప్పించారు. “వలనన్, కంటెన్, పట్టి పంచమీ విభక్తి” దగ్గర ఆపి, “తెల్లవాళ్ళు కొట్టుకుంటున్న ‘దాన్’ ఇక్కడే ఉంది చూడండి, ‘కంటె’. మన ‘నుండి’కి పెద్దలు ఇచ్చిన చోటూ పంచమే. మరి ‘కిన్, కున్’ ఎక్కడ?” అన్నారు. షష్ఠి అని అరిచాం. “పత్రికల్లో ఏమని రాస్తారు? దానికి భిన్నంగా అంటారు, దానికంటే భిన్నంగా అంటారు, దాని నుంచి భిన్నంగా అనీ అంటారు. మూడూ మనకు చెల్లుతుంటే వాళ్ళను ఆడిపోసుకోవడమెందుకు?” ఈ మద్రాసులోనే ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు చెప్పిన చిన్నయసూరి అంటే అయ్యవారికి దైవసమానం. ఇంగ్లీషు వాళ్ళకు అలాంటివాడు ఒకడు లేకపోవడమే ఈ తగవుకు మూలమని కూడా అన్నారు. అది కొంచెం అతి.

ఇప్పుడు నేను చేసే పని విదేశీ పత్రికలకు వెళ్ళే వ్యాసాల్లో భాష సరిచూడటం. ఈ ఊళ్ళో అలాంటి కంపెనీలు చాలా ఉన్నాయి. బ్రిటన్ వాళ్ళ రాతల్లో ‘ఫ్రమ్’తో పాటు ‘టు’ కనిపిస్తుంది, అమెరికా వాళ్ళ రాతల్లో ‘దాన్’. ‘టు’ 16వ శతాబ్దం నుంచి, ‘దాన్’ 17వ శతాబ్దం నుంచి వాడుకలో ఉన్నవే. తర్వాత వచ్చేది ఒక్క పదం కాక పూర్తి వాక్యమైతే ‘దాన్’ చాలా సులువుగా అతుకుతుంది. ‘నేను అనుకున్నదానికంటే’ అనే చోట ‘ఫ్రమ్’ పెట్టాలంటే మధ్యలో ఇంకో మాట ఇరికించాలి. ఇవేవీ తెలియక మూడింటినీ ‘ఫ్రమ్’ చేసేసే కుర్రవాళ్ళు మా దగ్గర చేరుతుంటారు. వాళ్ళకు గుమాస్తా గారి కథ చెబుతాను. జీలకర్ర వ్యాపారి కిక్కురుమనకుండా ధర తగ్గించాడన్నది కూడా కలిపే చెబుతాను.

నా దగ్గరున్న మాస్టారి పట్టిక మడతల దగ్గర చిరిగిపోయింది. చివరి భాగం లేదు. మన బ్యాచిలో ఎవరి దగ్గరైనా పూర్తి కాగితం ఉంటే, ఫోటో తీసి సంచిక సంపాదకులకు పంపండి. వచ్చే సంచికలో అచ్చు వేస్తామన్నారు.